కాలిన అడవి మరల చిగిర్చు విధము



మాఘ ఫాల్గుణ మాసములు వచ్చునప్పటికి మన గుట్టలమీదను అడవులయందును ఆకు రాలి, గడ్డి యెండి, చిన్న నిప్పురవ్వ పడినంతనే కార్చిచ్చు లేచుట మనము ఏటేట చూచుచున్న సంగతియే. జనగామ వైపు రాతిగుట్టలు, మహబూబాబాదు జిల్లాలోని గూడూరు, కొత్తగూడ, గంగారము ప్రాంతపు అడవులు, భూపాలపల్లి జిల్లాలోని మహదేవపురము, మహాముత్తారము, పలిమెల వైపు అడవులు, ఇవి యన్నియు వేసవిలో ఆకు రాల్చు పొడి అడవులే. ఇట్టి అడవిలో కాలిన చెట్టు చచ్చినదా, బ్రదికి యున్నదా? బ్రదికి యున్నచో అది మరల మానుగా ఎదుగుటకు మనము చేయవలసిన దేమి, చేయరాని దేమి? ఈ వ్యాసమున చెప్పదలచినది ఇంతియే. దీనికి సమాధానము సరిగా తెలియక నేనొకప్పుడు ఇచ్చిన సలహా వలన కొందరు సభ్యులకు నష్టము కలిగినది. కావున ముందుగా దానినే చెప్పెదను.

నేను చేసిన పొరపాటు

కొన్ని యేండ్ల క్రిందట జనగామ వైపు ఒక గ్రామమున, గుట్టవారనున్న పట్టా భూములలో మంట పడినది. ఆ భూములు సేద్యమునకు తగినవి కావు. సోమి, మోదుగు, తునికి, నల్లమద్ది పొదలు పెరిగి, పశువులకు మేతకును ఇంటికి వంటచెరకునకును పనికివచ్చుచుండెను. మంట పడిన వారము దినములకు నేను వెళ్లి చూచితిని. కొమ్మలు విరిచినచో పుటుక్కున విరుగుచుండెను. రొమ్మెత్తున బెరడు గీకి చూచినచో లోపల పచ్చదనము లేదు. “ఇవి చచ్చినవి, మోళ్లు త్రవ్వించి క్రొత్త మొక్కలు నాటుడు” అని చెప్పితిని. సభ్యులు నా మాట నమ్మిరి. సంఘములో అప్పు తీసికొని కూలీలను పెట్టి సగము భూమిలో మోళ్లు పెకలించి, గుంతలు తీసి, నారు నాటిరి. డబ్బు చాలక మిగిలిన సగము అట్లే విడిచిపెట్టిరి.

ఆ యేడు వానలు మొదట బాగుగా పడి, నడుమ చాలదినములు మొగము చాటు చేసినవి. నాటిన నారులో హెచ్చుభాగము ఎండిపోయెను. దసరా నాటికి నేను మరల వెళ్లి చూడగా, విడిచిపెట్టిన సగములో మోడు మోడునకు నాలుగైదు పిలకలు రొమ్మెత్తు లేచి పచ్చగా నుండెను. గొర్రెలు కాచుకొను ఒక వృద్ధుడు అక్కడ నిలిచి, “సారూ, మీరు కొమ్మ జూసిండ్రు గని వేరు జూడలే” అనెను. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను. బీడుపడిన సగమునకు చేసిన అప్పును సభ్యులు వడ్డీతో తీర్చవలసివచ్చెను. ఆ వృద్ధుడు చెప్పినదే ఈ వ్యాసమునకు మూలము.

వేరులోని నిలువ నిధి

మంట పైకి లేచునుగాని నేలలోనికి అంతగా దిగదు. మన్ను వేడిని లోనికి పోనిచ్చుటలో మిక్కిలి జాగు చేయును. గడ్డిమంటయైనను ఆకుమంటయైనను ఒకచోట నిలుచునది కొద్ది నిమిషములే. ఆ కొద్ది సేపటిలో రెండు మూడు అంగుళముల లోతున మన్ను వేడెక్కుట బహు స్వల్పము. ఎండిన పెద్ద దుంగ పడి, అచ్చటనే రాత్రియంతయు రగులుచున్నచో మాత్రము దాని క్రింది నేల లోతుగా కాలి, అక్కడి వేళ్లును విత్తులును నశించును. ఇది తప్ప, సాధారణమైన కార్చిచ్చు చెట్టు పై భాగమునే చంపుచున్నదిగాని, వేరును చంపుట లేదు.

ఆ వేరులో ఏమున్నది? ఆకులు వానకాలమంతయు ఎండ త్రాగి చేసిన ఆహారములో కొంత భాగమును చెట్టు పిండిపదార్థముగా మార్చి వేరునందును మొదటి దుంపయందును దాచుకొనును. మన సంఘము ఏటేట లాభములో కొంత తీసి నిలువ నిధిలో వేయుట మీరెరుగుదురు. చెట్టు చేయునదియు అట్టిదే. మంటచేత పై పెట్టుబడి యంతయు పోయినపుడు, ఆ నిలువ నిధినుండి తీసి చెట్టు క్రొత్త చిగురు వేయును.

చిగురు వచ్చుటకు నిధి ఒక్కటియే చాలదు, కన్ను కూడ కావలెను. చెరకు గడకు కణుపు కణుపున కన్నున్నట్లే, చెట్టు మొదటను, బెరడు చాటునను, కొన్ని జాతులకు వేళ్లమీదను నిద్రించుచున్న కన్నులు కలవు. పై కొమ్మ పచ్చగా నున్నంతకాలము దాని కొననుండి దిగు రసము క్రింది కన్నులను లేవనీయదు. కంది తల త్రుంచినచో ప్రక్కకొమ్మలు విరివిగా వచ్చుట మీకు తెలిసినదే. మంట చెట్టు తలను మాడ్చినపుడు, ఆ అదుపు తొలగి, నేల క్రింది కన్నులు మేల్కొనును.

దీనికి సాక్ష్యము మనచేతిలోనే యున్నది. టేకు తోట వేయువారు కొనితెచ్చు స్టంపులను చూడుడు. ఏడాది పెరిగిన నారును పెకలించి, కాండమును అంగుళము మాత్రముంచి కోసివేసి, జానెడు వేరును మాత్రము నాటుదురు. ఆ వేరులోని నిధియే టేకు చెట్టును లేపుచున్నది. నారుమడిలో మనము కత్తితో చేయుపనినే అడవిలో నిప్పు చేయుచున్నది.

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో పెనుగాలి వీచి వేలకొలది చెట్లను కూల్చినది. అక్కడ చాల మాకులు వేళ్లతో సహా పెకలివచ్చెను. వేరు పోయిన మానునకును, వేరు నిలిచి కొమ్మ కాలిన మానునకును గల భేదమును దీనివలన గ్రహింపవచ్చును.

బెరడు చేయు మేలు

ఒకే మంటలో పెద్ద మానులు నిలిచి, చిన్నవి మాడుట ఎందువలన? బెరడు క్రింద పలుచని పచ్చిపొర యొకటి కలదు. చెట్టు లావెక్కుట ఆ పొరవలననే. అది సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి చచ్చును. బెరడెంత దళసరియో, వేడి ఆ పొరను చేరుట అంత ఆలస్యము. అందులోను లెక్క యెట్లున్నదనగా, బెరడు రెండింతలు దళసరియైనచో వేడి లోపలికి చేరుటకు నాలుగింతల సేపు పట్టును. కావున అరంగుళపు బెరడు గల చెట్టునకును అంగుళపు బెరడు గల చెట్టునకును చావు బ్రదుకులంత తేడా కలదు. మొసలి చర్మమువలె పెళుసులు కట్టిన నల్లమద్ది బెరడును, మోదుగు బెరడును చూచినచో ఇది తెలియును. కాగితమువలె పొరలూడు తపసి చెట్టునకు ఈ రక్షణ తక్కువ.

దళసరి బెరడు గల జాతియైనను లేతప్రాయమున దాని బెరడు పలుచనే. అదిగాక, గుట్టవాలున నిలిచిన చెట్టునకు మీదివైపు ఆకు జారివచ్చి మొదట పేరుకొని యుండును. మంట అక్కడ ఎక్కువసేపు నిలిచి ఆవైపు బెరడును పగుల్చును. ఏటేట ఇట్లగుచుండగా మొదట తొర్ర పడి, తుదకొకనాడు గాలికి మాను కూలును.

చిగురు వచ్చు తావులు

కాలిన చెట్టు నాలుగు తావులనుండి లేచును. మొదటిది, కాండము మీది కన్నులనుండి. ఆస్ట్రేలియా దేశమునుండి వచ్చిన జామాయిల్ చెట్టు కాలిన కొద్ది వారములకే మాను పొడుగునను చిగురు తొడుగుట దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము. రెండవది, నేలకంటి యున్న మొదటినుండి. టేకు, నల్లమద్ది, చిరుమాను ఇట్లు లేచును. మూడవది, ప్రక్కకు ప్రాకిన వేళ్లనుండి. తునికి, మోదుగు, మారేడు చెట్లు మూలమునకు దూరముగా సయితము వేరుపిలకలు వేయును. మనము పది తునికి మొక్కలని లెక్కించునవి ఒక్కొక్కచోట ఒకే చెట్టు వేళ్లమీది పిలకలై యుండును. వెదురు కూడ నేలలోని దుంపనుండియే వానలలో కొమ్ము వేయును.

నాలుగవది విత్తనము. పొడి అడవిలో విత్తనమునుండి వచ్చు మొక్కకు మొదటి వేసవియే గండము. దానివేరు చిన్నది, నిధి స్వల్పము, కావున ఆ యేడే మంట తగిలినచో అది మరల లేవదు. రెండు ముఖ్యమైన సందర్భములలో ఇది మనకు మిక్కిలి నష్టము కలిగించును. వెదురు చాల యేండ్లకొకసారి పూచి, విత్తు రాల్చి, గుంపుగుంపులుగా చచ్చును. అప్పుడు దుంపకూడ చచ్చును గనుక, విత్తుమొక్కలే దిక్కు. ఎండిన పాత బొంగులు మంటకు మంచి మేత. కావున వెదురు పూచిన తరువాతి కొన్ని యేండ్లు ఆ తావున నిప్పు పడనీయరాదు. రెండవది ఇప్ప. దాని విత్తు జ్యేష్ఠ ఆషాఢములలో పండి రాలును, త్వరలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును. పలుకును నూనెకై ఏరుకొనగా మిగిలినది మొలిచినను, మరుసటి యేడు పూవు ఏరుటకై చెట్టుక్రింద పెట్టు నిప్పు దానిని కాల్చును. మన ఊళ్లలో ముసలి ఇప్పలు కలవుగాని, వాటి క్రింద పడుచు ఇప్పలు అరుదుగా కనబడుటకు ఇదియొక కారణము.

ఏటేట మంట పడినచో

వేరు చావదు గదా, ఏటేట కాలిన నేమి యని కొందరనవచ్చును. అసలు చిక్కు ఇక్కడనే యున్నది. నిలువ నిధి ఒక యేడు కరవునకు ఆదుకొనును. ఏటేట దానినే తీసి తినుచు, మరల జమ చేయనిచో ఏ సంఘము నిలుచును? కాలిన మొక్క మొదటి చిగురంతయు వేరులోని సొమ్ముతో వేయును. వానకాలము పొడుగునను ఆ ఆకులు పనిచేసి, ఆశ్వయుజ కార్తికములనాటికి తీసిన దానిని తిరిగి వేరులో వేయును. మరుసటి ఫాల్గుణమున మరల మంట. ఇట్లు మొక్క చావదు, ఎదుగదు. ఆరు నెలలలో నడుమెత్తు పెరుగును, మంటలో నేలమట్టమగును. మోకాలెత్తు పొద క్రింద త్రవ్వి చూచినచో, తొడలావు దుంప కనబడుటయు కలదు. అట్టి పొద మీ పెద్దకుమారునికంటె వయసు చెల్లినదై యుండవచ్చును. మంటనాలుక అందనంత ఎత్తునకు ఒక్కసారి దాని తల చేరినచో, బెరడు దళసరెక్కి, ఆపైన అది మానగును. ఆ గండము దాటుటకు దానికి వరుసగా కొన్ని యేండ్ల విరామము కావలెను.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనమున 1954లో ఈ సంగతిని పరీక్షించుటకు మడులు ఏర్పరచి, కొన్నింటిని ఏటేట, కొన్నింటిని రెండేండ్లకు, కొన్నింటిని మూడేండ్లకు కాల్చుచు, కొన్నింటిని కాల్చక విడిచిరి. నాలుగు దశాబ్దముల తరువాత లెక్కింపగా, చెట్ల సంఖ్యలో మంటవలన చెప్పుకొనదగిన భేదము కనబడలేదు, పెద్ద మానుల విషయముననే భేదము కనబడెను. మంట పడినచోట మొక్కలున్నవిగాని పెరిగినవి తక్కువ. మన నీలగిరుల వైపున ముదుమలై అడవిలోను 1988 మొదలు 50 హెక్టారులలో చెట్టు చెట్టును కొలుచుచున్నారు. అక్కడను మంటలో చిన్నవి ఎక్కువగా చచ్చుటయు, లావైనవి నిలుచుటయు కనబడినది.

మంటకు తోడు మేక చేరినచో చెరుపు రెండింతలగును. కాలిన నేలమీద తొలి వానకు లేచు పిలక మిక్కిలి లేతది. దానిని మేక కొరికినచో, వేరు రెండవసారి అప్పు తీసినట్లు. జనగామ వైపు కొన్ని గుట్టలమీద సీతాఫలము, తంగేడు మాత్రమే దట్టముగా నుండుట మీరు చూచియుందురు. కొట్టినను కాల్చినను మరల లేచుట, మేక నోటికి పనికిరాకుండుట, ఈ రెండును గల మొక్కలే అట్టిచోట మిగులును. సీతాఫలము ఫలమిచ్చును గనుక మేలే. తలంబ్రాల చెట్టని పిలుచు లాంటానా వచ్చినచో మాత్రము గడ్డిని అణచి, ఎండి మంటకు మేతయై, కాలిన వెంటనే తానే ముందుగా లేచును.

బూడిద ఎరువు గదా యను మాట సగము నిజము. పొటాషు, సున్నము, భాస్వరము బూడిదలో మిగులును. నత్రజనిలో హెచ్చుభాగము పొగతో గాలిలో కలియును. మిగిలిన బూడిదనైనను ఆకుకప్పు లేని వాలునేలమీద తొలి కుండపోత కొట్టుకొనిపోవును. దానితో మన్నును పోవును. గణపతిదేవుని కాలమున కాకతీయులు కట్టించిన పాకాల చెరువునకు చుట్టునున్న అడవియే నీటి ఊట. గుట్ట బోడియైనచో ఆ మన్ను చేరునది చెరువు కడుపులోనికే. ఆయకట్టు రైతునకు గుట్టమీది మంటతో పనిలేదనుకొనుట పొరపాటు.

నిప్పు మనకెప్పుడును శత్రువేయని నేను చెప్పుట లేదు. గడ్డియు చెట్టును కలిసియున్న పొడినేలలు నిప్పును అనాదిగా ఎరిగినవే. తునికికిని మోదుగునకును ఇంత గట్టివేరు అబ్బుటయే అందుకు గురుతు. ఎప్పుడో ఒకప్పుడు పడు మంటను అవి ఓర్చును. ఏటేటి మంటను ఓర్వలేవు.

తునికాకు, ఇప్పపువ్వు

మన ప్రాంతమున మంటలకు ముఖ్యకారణములలో ఈ రెండును కలవు. తునికాకు మెత్తగా వచ్చుటకు మాఘ ఫాల్గుణములలో కొమ్మకొట్టుడు చేయుట ఆచారము. పదునైన కత్తితో పొదను నేలకంట కొట్టినచో సుమారు నెలన్నరలో లేత ఆకు వచ్చును. 50 ఆకులు కట్టగా కట్టి కల్లమునకు చేర్చుదురు, 1000 కట్టలు ఒక ప్రామాణిక సంచి. కూలి కలిసివచ్చునని కొందరు కొట్టుటకు మారుగా నిప్పు పెట్టుదురు. నిప్పు తునికిపొదవద్ద ఆగదు. అది ప్రక్కనున్న టేకు, ఇప్ప, ఏగిస మొక్కలను కాల్చి, చెరువుగట్టు దాటి పొరుగువాని గడ్డివామువరకు పోగలదు. కొట్టినను కాల్చినను వేరునుండియే ఆకు వచ్చును. కొట్టుటలో తునికి ఒక్కటియే దెబ్బతినును, కాల్చుటలో అడవియంతయు దెబ్బతినును. కొన్ని తునికి చెట్లను కొట్టక విడిచినచో పండ్లును వచ్చును, విత్తును వచ్చును.

ఇప్పపువ్వు ఏరువారు చెట్టుక్రింద ఆకును ఊడ్చి కుప్పగా దూరమునకు చేర్చి, పాతచీరలుగాని వలలుగాని పరచినచో పువ్వు శుభ్రముగా దొరకును. మన్ను అంటని పువ్వునకు ధరయు మేలు. పది యిండ్లవారు కలిసి ఊడ్చుకొనినచో ఒక పూటపని.

చేయవలసిన పనులు

1. మంట పడిన చెట్టును వెంటనే చచ్చినదని తీర్మానింపరాదు. రొమ్మెత్తున గాక, నేలకంట బెరడు గీకి చూడుడు, జానెడు త్రవ్వి వేరును చూడుడు. ఒక వానకాలము గడువక మోడును పెకలింపరాదు.

2. కాలిన తావున కనీసము రెండు వానకాలములు మేకలను, గొర్రెలను పోనీయరాదు. గ్రామమంతయు కూడి ఒక గుట్టను మేతకు, ఒక గుట్టను విరామమునకు నిర్ణయించుకొనవలెను.

3. మీ పట్టాభూమిలో మాడిన కాండమును వానలకు ముందు పదునైన గొడ్డలితో నేలకు దగ్గరగా, నీరు నిలువకుండ ఏటవాలుగా నరుకుడు. బెరడు చీలిపోరాదు. టేకు మొదలగువాటిని నరుకుటకు అనుమతి కావలయును గనుక ముందుగా అటవీశాఖవారిని అడుగుడు.

4. మొదటి యేడు పిలకలన్నింటిని ఉండనిండు, అవి వేరునకు ఆహారము జమ చేయును. రెండవ యేడు నేలకంట పుట్టిన నిటారు పిలకలలో ఒకటి రెండు ఉంచి, తక్కినవాటిని తీయుడు. మోడు పైభాగమున పుట్టినది గాలికి విరుగును, దాని నుంచరాదు.

5. పుష్య మాఘములలోనే భూమి చుట్టును ఆకు, గడ్డి ఊడ్చి మంటకట్టు బాట చేయుడు. వరుసగా నాలుగైదేండ్లయినను ఆ తావున నిప్పు పడకుండ కాపాడినచో, పిలక తల మంటకందని ఎత్తునకు చేరుటకు అవకాశము కలుగును.

6. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము. నేడు డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు ఉపగ్రహములద్వారా మంటలను కనిపెట్టి, పేరు నమోదు చేసికొన్నవారికి ఫోనునకు వార్త పంపుచున్నారు. ప్రతి సంఘమునుండి ఒకరు తమ పేరు నమోదు చేయించుకొనుట మేలు.

2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవినమ్ముకొని బ్రదుకువారికి తునికాకు, వెదురు మొదలగు ఫలసాయముపై హక్కును గుర్తించి, అడవిని కాపాడు అధికారమును గ్రామసభకు ఇచ్చినది. హక్కు వచ్చినచోట కావలి బాధ్యతయు వచ్చును. వేరు నిలిచియుండగా అడవిని మరల లేపుటకు పెట్టుబడి అక్కరలేదు, ఓపిక చాలును.

నేను సలహా యిచ్చి పాడుచేసిన ఆ సగము భూమిలో నేటికిని గడ్డియే పెరుగుచున్నది. రెండవ సగములో సోమి మానులు నిట్టాడి లావెక్కినవి. ఈ వేసవిలో మీ గుట్ట నల్లబడినచో, గడ్డపార ఎత్తుటకు ముందు దసరావరకు ఆగుడని నా మనవి.